చెవిలో మోత పెట్టుకుని నైట్ డ్యూటీ, నిద్ర, సంసారం ఎట్లా లాగుతున్నారు?

లాడ్జి_రిసెప్షన్ (తిరుపతి):

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని చేస్తాను, ఎక్కువగా నైట్ డ్యూటీనే. వయసు 34. పోయిన చవితికి వినాయక సాగర్ వైపు పోయే నిమజ్జనం ఊరేగింపు ఒకటి మా లాడ్జి ముందే ఇరుక్కుపోయింది. ముందు బండ్లు కదల్లేదు, వెనక్కి పోయే సందు లేదు, డీజే బాక్సులు సరిగ్గా మా కౌంటరుకు ఎదురుగా. కౌంటర్ వదిలేసి పోలేను కదా. ఆ రాత్రి రెండు చెవులూ దిబ్బడ వేశాయి. దిబ్బడ మెల్లగా వదిలింది గానీ, లోపల ఇలకోడి కూసినట్టు కీ.. అని సన్నటి మోత మొదలై ఇంతవరకూ ఆగలేదు. రెండు చెవుల్లోనూ ఉంది, ఎడమవైపు కొంచెం ఎక్కువ.

ఈఎన్‌టీకి చూపించుకున్నాను. గులిమి లేదు, కర్ణభేరి బాగుంది, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) నార్మల్ అన్నారు. ఏవో మాత్రలు రాసి, పట్టించుకోకు, అదే అలవాటైపోతుంది అని పంపేశారు. పట్టించుకోకుండా ఉండటం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

పనిలో ఏం జరుగుతోందంటే, ఫోన్లో బుకింగ్ చెప్పేవాళ్ళ పేర్లు తప్పు వింటున్నాను. సతీశా హరీశా, పదహారా పదిహేడా. ఎదురుగా ఉంటే ఆధార్ కార్డు చూసి రాసుకుంటాను. ఫోన్లో అయితే, అందులోనూ తమిళంలో గబగబా చెప్పేవాళ్ళయితే, రెండోసారి అడగాల్సి వస్తుంది, మూడోసారి అడిగితే వాళ్ళకు కోపం. అర్ధరాత్రి దాటాక లాబీ సద్దుమణిగితే చాలు, ఇంక అదే మోత. సుప్రభాతానికి పోయేవాళ్ళు లగేజీలు దించుకుంటూ గోల గోలగా వచ్చేదాకా నాకు నెమ్మది ఉండదు. మామూలుగా అయితే ఆ గోలకే విసుక్కోవాలి!

పగలు కొర్లగుంటలో ఇంటికి వచ్చి పడుకుంటాను. మా ఆవిడ పాపం నాకోసం టీవీ ఆపేసి, పిల్లాణ్ణి పక్కింటికి పంపి, తలుపులు మూసి పెడుతుంది. ఆ నిశ్శబ్దమే నాకు పడటం లేదు. ఫ్యాన్ వేస్తే కాస్త నయం, కానీ ధనుర్మాసం చలిలో ఫ్యాన్ ఏంది అని గొడవ. ధ్యానం చేయమన్నారు ఎవరో. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఇంకేమీ వినిపించదు, అదొక్కటే వినిపిస్తుంది. మా అత్తగారైతే అది లోపలి నాదం నాయనా, అందరికీ వినబడదు, నీ అదృష్టం అంటోంది. ఈ అదృష్టం ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను.

నాకు కావాల్సింది ఇది ఉన్నవాళ్ళ మాట. పనిలో ఏం మార్చుకున్నారు, నిద్ర ఎట్లా పడుతోంది, బయటికి ఏమీ కనబడని ఈ జబ్బు గురించి ఇంట్లోవాళ్ళకు ఎట్లా చెప్పారు? చెవిలో పోసే చిట్కాలు దయచేసి వద్దు.


పలమనేరు_బుజ్జి:

అన్నా, ఆవనూనెలో రెండు వెల్లుల్లి పాయలు వేసి కాచి గోరువెచ్చగా చెవిలో వేసుకో, మా తాతకు తగ్గింది.


గ్రానైట్_పెద్దాయన (చిత్తూరు):

బుజ్జీ, ఆ అబ్బాయి వద్దని రాసిన చిట్కానే మొదట రాశావు.

తమ్ముడూ, నాకు ఇది చాలా ఏళ్ళుగా ఉంది. చిత్తూరు పక్కన గ్రానైట్ యూనిట్‌లో కటింగ్ మిషన్ దగ్గర పని చేసి రిటైర్ అయినవాణ్ణి. మన ఫ్యాక్టరీ రూల్స్ ప్రకారం 8 గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ హద్దు. బయట దేశాల్లో చాలాచోట్ల 85 అంటారు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఉండాల్సిన టైం సగానికి సగం తగ్గించాలంటారు. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటతోనే ఆ రోజు కోటా అయిపోతుంది. రాయి కోసే బ్లేడు పక్కన మాకు ఈ లెక్క చెప్పినవాళ్ళు లేరు. చెవిలో పత్తి పెట్టుకునేవాళ్ళం, దానివల్ల పెద్దగా ఆగదని తర్వాత తెలిసింది.

నీకూ నాకూ తేడా ఏమిటంటే నాకు వినికిడి కూడా పోయింది. కుక్కర్ విజిల్ వినబడదు, మనవరాలి మాట సగమే వినబడుతుంది. అందుకని నాకు వినికిడి మిషన్ పనికొచ్చింది. అది పెట్టుకుంటే బయటి శబ్దాలు లోపలికి వస్తాయి, మోత వెనక్కి పోతుంది, తీసేస్తే మళ్ళీ ముందుకొస్తుంది. ఊరికే ఎవరో చెప్పారని కొనేది కాదు, ఖరీదు తక్కువ కాదు, టెస్టులో లోపం ఉంటేనే.

రోజువారీ సంగతి చెప్తాను. పెళ్ళికి పోతే బ్యాండు పక్కన కూర్చోను, గోడకు వీపు పెట్టి మూల చూసుకుంటాను, అప్పుడు మాట్లాడేవాళ్ళందరూ నా ముందే ఉంటారు. ఫోన్ స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచుతాను, రెండు చెవులతో వింటే మాట బాగా అందుతుంది. కాఫీ మానేయమన్నారు, మానేశాను, తలనొప్పి వచ్చింది గానీ మోత తగ్గలేదు, మళ్ళీ మొదలుపెట్టాను. నిద్ర చాలని రోజు మోత పెద్దదవుతుంది, కోపం కూడా ఎక్కువ. మా ఇంట్లో అయితే నా మొహం చూసి ఆ రోజు ఎట్లా ఉందో చెప్పేస్తారు.

చలికాలం ఫ్యాన్ గొడవ మా ఇంట్లో కూడా ఉండేది. టేబుల్ ఫ్యాన్ కొని గోడవైపు తిప్పి పెట్టాను. గాలి మనిషికి తగలదు, శబ్దం మాత్రం ఉంటుంది. ఇంత చిన్న పనికి అన్ని రోజులు పోట్లాడుకున్నాం చూడు.


మంగళం_అక్క:

నాకు లేదు, మా ఆయనకు ఉంది. ఇంట్లోవాళ్ళవైపు నుంచి రాస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో మీ ఆవిడ టీవీ ఆపేసి తలుపులు మూయడం చదివి నన్ను నేను చూసుకున్నట్టుంది.

వంటింట్లోంచి పిలిస్తే ఆయన పలికేవాడు కాదు. కావాలనే పలకడం లేదని నేను, నువ్వు గొణుగుతున్నావని ఆయన. పిల్లల చదువు సంగతి మాట్లాడుతుంటే మధ్యలో మొహం తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. మా ఆడపడుచు అయితే నెత్తికెక్కిందా అనింది. డాక్టరు నార్మల్ అని కాగితం ఇచ్చాక ఇంట్లో ఇంకెవరు నమ్ముతారు చెప్పండి.

మాకు ఒక పని బాగా పనికొచ్చింది. ఫోన్లో ఒకే స్వరం మోగించే యాప్‌లు ఉంటాయి. ఆయన అటూ ఇటూ జరిపి చూసి, తనకు వినిపించేది దాదాపు ఇదీ అని ఒకచోట ఆపి, సౌండ్ బాగా తగ్గించి నాకు వినిపించారు. దాన్ని అట్లా మోగనిచ్చి నన్ను సాంబారు చేయమన్నారు. చిన్న శబ్దమే, గట్టిగా కూడా లేదు. ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు, చింతపండు పిసకడం మానేసి ఆపండి బాబూ అని అరిచాను. ఆ రోజు నుంచి ఆ మాట మీద మా ఇంట్లో వాదన లేదు. మీ ఆవిడకు కూడా వినిపించండి, కానీ సౌండ్ తక్కువ పెట్టి, కాసేపే.

ఇప్పుడు ఎదురుగా వెళ్ళి మొహం చూపించి మాట్లాడతాను. మిక్సీ వేసేటప్పుడు ఏమీ అడగను. ఇంకొకటి, ముందు రోజూ పొద్దున్నే ఈరోజు ఎట్లా ఉంది, తగ్గిందా అని అడిగేదాన్ని. ప్రేమతోనే అడిగేదాన్ని. కానీ నేను అడగ్గానే ఆయన మనసు చెవి మీదికి పోయేది, అప్పటిదాకా మర్చిపోయినా గుర్తొచ్చేది. ఇప్పుడు ఆయన చెబితే వింటాను, నేను అడగను.

అత్తగారి నాదం మాటకు మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాను.


ఆడియాలజీ_చిత్తూరు:

చిత్తూరులో ఆడియాలజిస్టుగా పని చేస్తాను. పరీక్ష చేయకుండా ఇక్కడ వైద్యం చెప్పలేను, తెలిసిన విషయాలు చెప్తాను.

ముందు మిమ్మల్ని అడగాల్సినవి. ఎడమవైపు ఎక్కువ అన్నారు కదా, ఆడియోగ్రామ్ కాగితంలో రెండు చెవుల గీతలు ఒకేలా ఉన్నాయా? మోత ఒకటే కీ మని సాగుతుందా, లేక నాడి కొట్టుకున్నట్టు లయగా వస్తుందా? ఎందుకు అడుగుతున్నానంటే, ఒక చెవిలోనే మోత ఉన్నా, రెండు చెవుల వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా ఉన్నా ఎంఆర్‌ఐ తీయించమంటారు, వినికిడి నరం మీద అరుదుగా వచ్చే గడ్డ ఏమైనా ఉందా అని చూడటానికి. అది క్యాన్సర్ గడ్డ కాదు, చాలా మెల్లగా పెరుగుతుంది, కాబట్టి ఇది చదివి టెన్షన్ పడొద్దు. నాడితో పాటు కొట్టుకునే మోత అయితే బీపీ, రక్తహీనత, థైరాయిడ్, రక్తనాళాలు చూడాలి. ఇది చదివే మిగతావాళ్ళకు కూడా చెప్తున్నాను, ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే అది ఎమర్జెన్సీ. జలుబు చేసిందిలే అనుకుని వారం ఆగకండి, స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఉపయోగం. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ ఉంది, చిత్తూరువాళ్ళు చాలామంది వేలూరు పోతారు, ఎక్కడైనా సరే ఆ రోజే చూపించుకోండి.

ఇక నార్మల్ రిపోర్టు. మామూలు ఆడియోగ్రామ్ 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకే చూస్తుంది (హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ స్వరం సన్నబడుతుంది), అదీ శబ్దం లేని గదిలో బీప్ వినిపించి. మీ కౌంటర్ దగ్గర ఆ గది లేదు కదా. 8000 పైన దెబ్బ ఉంటే ఆ కాగితంలో కనబడదు, గోలలో మాట ఎంత అర్థమవుతోందో కూడా కనబడదు. 2009లో ఎలుకల మీద ఒక ముఖ్యమైన పరిశోధన వచ్చింది. పెద్ద శబ్దం తర్వాత వాటి వినికిడి టెస్టులో మామూలుకు వచ్చేసింది, కానీ లోపల శబ్దాన్ని అందుకునే వెంట్రుక కణాలకూ నరానికీ మధ్య ఉండే అతుకులు చాలా పోయి ఉన్నాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా వాదనలు నడుస్తున్నాయి. అయినా మీరు చెప్పిన కథ, దిబ్బడ వదలడం, టెస్టు బాగుండటం, పేర్లు మాత్రం తప్పు వినబడటం, మా దగ్గరికి వచ్చే చాలామంది చెప్పేదే. గోలలో మాట వినే పరీక్ష, 16000 హెర్ట్జ్ దాకా చూసే పరీక్ష వేరే ఉంటాయి. అన్నిచోట్లా ఉండవు, అడగండి. స, శ, హ లాంటి అక్షరాల తేడా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, ఫోన్ లైను ఆ భాగాన్ని చాలావరకు కోసేస్తుంది, కాబట్టి సతీశ్ హరీశ్ గొడవలో సగం తప్పు ఫోన్‌దే.

చెవి నుంచి రావాల్సిన సమాచారం తగ్గితే మెదడు తన వైపు నుంచి సౌండ్ పెంచుకుంటుంది, ఆ పెంచడంలో వినిపించేదే ఈ మోత అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నిశ్శబ్దంలో ఎందుకు పెరుగుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1953లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కాసేపు కూర్చోబెట్టి ఏం వినబడుతోందో రాయమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక మోత వినబడిందని రాశారు. మీ ఆవిడ మూసే తలుపులు ఆ గదినే తయారు చేస్తున్నాయి. కాబట్టి పడుకునేటప్పుడు ఫ్యానో, ఫోన్లో వాన శబ్దమో పెట్టుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాదు, ఫోన్ స్పీకర్లో. మోతను పూర్తిగా ముంచేసేంత గట్టిగా వద్దు, మోత ఇంకా కాస్త వినబడుతూ ఉండేలా దానికంటే కొంచెం తక్కువగా. ముంచేస్తే ఆపగానే మళ్ళీ కొత్తగా మొదలైనట్టు ఉంటుంది, రెండూ కలిసి ఉంటే మెదడు మెల్లగా దాన్ని పక్కకు నెడుతుంది. భయపడి రోజంతా చెవుల్లో ప్లగ్స్ పెట్టుకునేవాళ్ళు కూడా వస్తుంటారు, దానివల్ల మామూలు శబ్దాలు కూడా భరించలేనంతగా అనిపించడం మొదలవుతుంది. నిజంగా పెద్ద శబ్దం దగ్గరే ప్లగ్స్.

మాత్రల గురించి. ఈ మోతను పోగొడుతుందని రుజువైన మందు ఇప్పటిదాకా లేదు. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు జింకో (ఒక చెట్టు ఆకుల సారం), జింక్, మెలటోనిన్ లాంటివి దీనికోసం వాడొద్దనే చెప్పాయి. బాధను తగ్గించడంలో గట్టి రుజువు ఉన్నది సీబీటీకి, అంటే ఆలోచనా తీరు, ప్రవర్తన మార్చుకునే కౌన్సెలింగ్. మోత సౌండ్ తగ్గదు, దానికి మనం పడే హైరానా తగ్గుతుంది. సైకాలజిస్టు దగ్గరికి పొమ్మంటే మా పేషెంట్లు నేనేమన్నా పిచ్చివాడినా అంటారు. కాదు సార్, నిద్ర లేనివాడు ఎవరి దగ్గరికి పోవాలి మరి? ప్రపంచంలో పెద్దవాళ్ళలో దాదాపు 14 శాతం మందికి ఏదో ఒక మేరకు ఈ మోత ఉంటుందని 2022లో లెక్క కట్టారు, తీవ్రంగా ఇబ్బంది పడేవాళ్ళు సుమారు 2 శాతం. ఆ 2 శాతంలో ఉండి బతకాలని లేదనిపించేంత దూరం పోయినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం నడిపేది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పలుకుతారు.

బుజ్జి గారూ, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళ చెవిలో నూనె పోస్తే చీము పట్టొచ్చు, చిల్లు ఉందో లేదో బయటికి తెలియదు. తాతగారికి తగ్గింది గులిమి మెత్తబడి అయ్యుంటుంది.


డోలు_పక్కన:

నాదస్వరం వాయిస్తాను, శ్రీకాళహస్తి వైపు. మా పక్కనే డోలు, కుడి చెవికి మూరెడు దూరంలో. నా మోత స్వరం ఒకటి ఉంటుంది, శ్రుతి పెట్టె వేస్తే దానితో గొడవ పడుతుంది. చిన్న గదిలో సాధన చేస్తే ఆ తర్వాత రాత్రంతా నరకం. అందుకని ఇప్పుడు సాధన మిద్దె మీద, బయట. సంగీతం వాళ్ళకు వేరే రకం ఇయర్ ప్లగ్స్ ఉంటాయి, స్వరం చెడకుండా అన్ని స్థాయిలనూ సమంగా తగ్గిస్తాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పెట్టుకున్న కొత్తలో నా ఊపిరి నాకే వినిపించి చిరాకు, తర్వాత సర్దుకుంది. మా గురువుగారికి ఇవి చూపిస్తే చెవి మూసుకుని సంగీతం ఏందిరా అన్నారు. ఆయనకు ఇప్పుడు కుడి చెవి పక్కన నిలబడి ఏం చెప్పినా వినబడదు.

లాడ్జి తమ్ముడూ, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. పండగలకు కొన్ని రోజులు రాష్ట్రం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకూడదు. ఆ టైం దాటాక 112కి ఫోన్ చేయొచ్చు. వస్తారా రారా అనేది మన ఊరి సంగతి, నీకూ తెలుసు.


లాడ్జి_రిసెప్షన్ (తిరుపతి):

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పెద్దాయనా, ఫ్యాన్ గోడకు తిప్పాను. మా ఆవిడ ఈ పని మొదటే చేసి ఉండొచ్చు కదా అనింది, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మంగళం అక్కా, ఆ స్వరం మా అత్తగారికి కూడా వినిపించాను. కాసేపు విని, ఇది నాదం కాదులే, డాక్టరుకు చూపించు అనింది.

ఓనరుతో మాట్లాడాను. ఫోన్లో బుకింగ్ అడిగేవాళ్ళను పేరు, మనుషుల లెక్క, వచ్చే టైం వాట్సాప్‌లో పెట్టమని చెప్పడానికి ఒప్పుకున్నాడు. చెవి సంగతి చెప్పలేదు, తప్పులు తగ్గుతాయి సార్ అని మాత్రం చెప్పాను. చెబితే నైట్ డ్యూటీకి పనికిరాడు అంటాడేమోనని భయం.

ఆడియాలజీ మేడం లేదా సార్, కాగితం చూశాను. మోత ఒకటే సాగుతుంది, నాడిలా కాదు. గీతల్లో 4000 దగ్గర ఎడమ చెవిది కిందికి దిగింది, కుడిది దిగలేదు. ఎడమది 25, కుడిది 10 అని ఉంది. ఇది కూడా నార్మలేనా?


ఆడియాలజీ_చిత్తూరు:

మేడమే. ఆ అంకెలు ఆ స్వరం వినబడటానికి కావాల్సిన డెసిబెల్స్, 25 వరకు నార్మల్ కిందే రాస్తారు, అందుకే మీకు అట్లా చెప్పారు. 4000 దగ్గర దిగడం పెద్ద శబ్దం తగిలినవాళ్ళలో మామూలుగా కనబడే గుర్తు, బాక్సులవైపు మీ ఎడమ చెవి ఉండి ఉంటే ఆ తేడాకు కారణం అదే కావచ్చు. కానీ నేను ఇక్కడ కూర్చుని అదే అని చెప్పకూడదు. కాగితం తీసుకుని మళ్ళీ ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి, ఎడమవైపు మోత ఎక్కువ, 4000 దగ్గర తేడా ఉంది, ఎంఆర్‌ఐ అవసరమా అని మీరే సూటిగా అడగండి. అక్కర్లేదంటే కొన్ని నెలల తర్వాత ఆడియోగ్రామ్ మళ్ళీ తీయించి ఈ కాగితంతో పోల్చి చూడాలి, కాబట్టి దీన్ని పారేయొద్దు. తీయిద్దాం అంటే, ఆ మిషన్ చేసే శబ్దం మామూలుగా ఉండదు, దడదడ కొడుతుంది. చెవిలో ప్లగ్స్, పైన హెడ్‌ఫోన్ రెండూ పెట్టమని టెక్నీషియన్‌కు ముందే చెప్పండి. ఒక్కోచోట అడిగితేనే ఇస్తారు.